బొగ్గుల పొయ్యికి మారిన అసలు సంగతి

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం నాతో ఉంది. మోస్తున్నానని రాయబోయి ఆగాను. మోసేదయితే ఎక్కడో ఒకచోట దించి, చెమట తుడుచుకుని, మళ్లీ ఎత్తుకోవచ్చు. ఇది అట్లాంటిది కాదు. పంటి సందులో ఇరుక్కున్న మాంసం పీచులాంటిది. ఎవరికీ కనపడదు. నాలుక మాత్రం మాటిమాటికీ అక్కడికే పోతుంది. మాట్లాడుతున్నా అక్కడికే, నవ్వుతున్నా అక్కడికే. విసుగొస్తుంది. నా మీద నాకే విసుగొస్తుంది.

సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ తప్పించుకుంటాను. నా స్నేహితుడు తినకూడని మాంసాన్ని, తినొచ్చని నమ్మించి, నా ఇంట్లో నేనే అతనికి పెట్టాను. ఈ మధ్యే అతని దగ్గరికి పోయి ఒప్పుకున్నాను. కానీ సగమే ఒప్పుకున్నాను. మిగతా సగం దాచాను. దాన్ని రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో చెప్పను. పేర్లు మార్చాను. అయినా మా జనగామ వాళ్లెవరైనా ఇది చదివితే పొయ్యి ప్రస్తావన రాగానే నన్ను గుర్తుపడతారు. పట్టనీ.

నాకు బోరు మోటార్ల దుకాణం ఉంది. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనక పెరడు. పెరట్లో ఒక ఇనుప డ్రమ్ము ఉంటుంది. నిలువునా రెండుగా కోసి, కాళ్లు అతికించి, పై సగాన్ని మూతగా బిగించిన నూనె డ్రమ్ము. ఒక పక్క బొగ్గులు పోస్తాను. ఇంకో పక్క మాంసం పెడతాను. మధ్యలో ఇటుకలు అడ్డం. బొగ్గుల మీద ఎండు తుమ్మ మొద్దు ఒకటి వేసి మూత దించితే, మంట తగలకుండా, పొగకే మాంసం నెమ్మదిగా మగ్గుతుంది. వేడి ఎక్కువైతే మూత రంధ్రం మీద రాయి పెడతాను, తక్కువైతే తీస్తాను. అంతకంటే ఏమీ లేదు. మీటలు లేవు, తీగలు లేవు.

ఈ డ్రమ్ము వల్ల నాకు మా చుట్టుపక్కల కొంచెం పేరుంది. ఎవరింట్లో దావత్ అయినా, మేక తొడలు కాల్చడానికి నన్ను పిలుస్తారు. కొత్తగా పొయ్యి కొనాలనుకున్నవాళ్లు దుకాణానికి వచ్చి అడుగుతారు. అప్పుడు వాళ్లకు ఒక కథ చెబుతాను. నేను ఒకప్పుడు కరెంటుతో నడిచే పెద్ద యంత్రం ఎట్లా కొన్నాను, అది నన్ను ఎట్లా ఏడిపించింది, ఒక దసరా మరునాడు అది మొరాయిస్తే నాలుగు ఇటుకలు, ఇంత ఇస్త్రీ బొగ్గు, ఒక జాలీతో పరువు ఎట్లా కాపాడుకున్నాను, ఆ రోజుతో యంత్రాన్ని వదిలేసి బొగ్గులకు ఎట్లా మారాను. జనం పడీపడీ నవ్వుతారు. చివర్లో నేను, సులువైనదే నిలబడుతుంది అని పెద్దమనిషిలా ఒక మాట అంటాను. తల ఊపుతారు.

ఆ కథలో ప్రతి ముక్కా నిజమే. లేనిది ఒక్క ముక్కే. ఆ ముక్క లేకుండా ఇన్నాళ్లు చెప్పుకుంటూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ నా నోటిని నేనే తిట్టుకున్నాను. అయినా ఎవరైనా అడిగితే మళ్లీ చెప్పాను. నవ్వులంటే అంత యావ నాకు.

ముందు యంత్రం సంగతి. ఫోన్లో వీడియోలు చూసి చూసి తెప్పించాను. మా ఇంటి ఫ్రిజ్‌కు తమ్ముడిలా ఉండేది. దాని పక్క తొట్టిలో కట్టె గుళికలు పోయాలి. రంపపు పొట్టును ఒత్తి చేసినవి, కోడి దాణాలా ఉంటాయి. లోపల ఒక మర తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పులోకి తోస్తుంది. ఫ్యాను గాలి కొడుతుంది. ఎంత వేడి కావాలో ఫోన్లో నొక్కి మనం కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చట. కూర్చున్నది ఎప్పుడు? వానాకాలం గుళికలకు చెమ్మ తగిలితే ఉబ్బి పిండి అయ్యేవి. మర ఇరుక్కునేది. నేను బోర్లా పడుకుని స్క్రూడ్రైవర్‌తో గోకేవాణ్ని. పొలాల మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే మా వైపు బల్బులు ఎర్రబడతాయి, దీని ఫ్యాను మూలగడం మొదలుపెట్టేది. వోల్టేజీ గురించి రోజూ రైతులకు పాఠాలు చెప్పేవాణ్ని నేనే. ఆ పాఠం నా పెరటి దాకా రాలేదు. ఒకసారి మాంసం లోపల ఉండగానే ఫోను పాస్‌వర్డ్ అడిగింది. మేక తొడ కాల్చుకోవడానికి పాస్‌వర్డా? పెరట్లో నిలబడి గట్టిగా తిట్టాను, పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

అయినా వదల్లేదు. డబ్బు పెట్టి కొన్న మూర్ఖత్వాన్ని అంత తొందరగా ఎవరు వదులుతారు? పైగా నెల రోజుల ముందు నుంచే అందరికీ చెప్పుకున్నాను, దసరా మరునాడు మా ఇంటికి రండి, చెయ్యి పెట్టకుండా మాంసం కాల్చి చూపిస్తానని.

ఇక యాకూబ్ సంగతి.

వరంగల్‌లో ఐటీఐ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం. తరవాత నేను జనగామలో దుకాణం పెట్టాను, అతను భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ అయ్యాడు. వాళ్ల అమ్మ మాత్రం మానుకోటలో చిన్న కొడుకు దగ్గర ఉండేది. అందరం ఆమెను అమ్మీ అనేవాళ్లం. యాకూబ్ అన్నీ నవ్వుతూ పోనిచ్చే మనిషి, తిండి దగ్గర మాత్రం కాదు. వాళ్ల పద్ధతిలో కోసిన మాంసం అయితేనే తింటాడు. బయట హోటల్లో ఎంత ఆకలైనా అన్నం, పప్పు, గుడ్డు. ఇతరుల ఇళ్లలోనూ అంతే. మా ఇల్లు ఒక్కటే దానికి మినహాయింపు.

దానికి కారణం నేను కాదు, మా నాయిన. మా పల్లెలో ఇంట్లో మేకను కోస్తే ముల్లాసాబును పిలిచి ఆయన చేతే కోయించేవారు. మా నాయిన ఒక్కడే కాదు, ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అదే వాడుక. మనకు ఎవరు కోసినా పోయేదేమీ లేదు, వాళ్లకు ఉంది, కాబట్టి వాళ్ల చేత్తో కోయిస్తే అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. అంత సాదా లెక్క అది. నేను జనగామకు వచ్చాక కూడా ఆ వాడుకను నిలిపాను. మా వీధి చివర ఖాజా భాయ్ మాంసం కొట్టు ఉంది. మా ఇంటికి యాకూబ్ వస్తున్నాడంటే ఖాజా కోసిన మాంసమే. యాకూబ్ ఈ సంగతి అందరికీ చెప్పుకునేవాడు. నేను కళ్లు మూసుకుని తినే ఇల్లు ఒకటుంది, అది జనగామలో ఉంది, అని.

ఇప్పుడు ఆ రోజు.

పొద్దున్నే ఖాజా రెండు తొడలు పంపాడు. పచ్చి బొప్పాయి, పెరుగు, కారం, ధనియాలు పట్టించి రాత్రంతా నానబెట్టాలని వీడియోలో ఉంది, నాకు అంత ఓపిక లేదు. గబగబా పట్టించి యంత్రంలో పెట్టి, ఫోన్లో వేడి నొక్కి, ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను. చుట్టాలు, ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వస్తున్నారు. నేను మాటిమాటికీ ఫోను తీసి అంకె చూపిస్తున్నాను. చూడండి, ఇక్కడ కూర్చునే పొయ్యి నడుపుతున్నా. ఆ అంకె ఎంతకీ మారడం లేదు. అంత నిలకడగా ఉందే అని మురిసిపోయాను. అది పాత అంకె అని, వోల్టేజీ పడిపోయి యంత్రం ఎప్పుడో ఆగిపోయిందని, ఫోను చచ్చిన గడియారంలా అదే చూపిస్తోందని నాకెట్లా తెలుసు? లేచి పెరట్లోకి పోతే తెలిసేది. లేవలేదు. చెయ్యి పెట్టకుండా కాలుస్తానని చెప్పుకున్నాను కదా.

పొద్దు నెత్తి మీదికి వచ్చాక పోయి మూత తీశాను. గోరువెచ్చటి ఆవిరి, తడి బూడిద వాసన. తొడలు పచ్చిగానే ఉన్నాయి, పైన మాత్రం జిగట పట్టింది. వేలితో తాకితే జారింది. ఎండలో అన్ని గంటలు మూత కింద ఉడికీ ఉడకక, చల్లారీ చల్లారక పడి ఉన్న మాంసం. ఎవరికీ పెట్టదగింది కాదు. ఖాజాకు ఫోను చేస్తే, మాంసం అయిపోయి కొట్టు ఎప్పుడో మూశాడట.

ఇక్కడ ఆగి అడుగుతున్నాను, నన్నే. ముందు గదిలోకి పోయి, యంత్రం ముంచింది, ఈ పూట గుడ్ల పులుసుతో సర్దుకోండి అని చెబితే ఏమయ్యేది? నవ్వేవాళ్లు. ఒక వారం ఆడుకునేవాళ్లు. అంతే కదా? అంతకంటే ఏం పోయేది? ఎన్నిసార్లు లెక్క వేసినా అంతకంటే ఏమీ తేలదు. దాని కోసం చేశాను నేను ఈ పని.

ఫ్రిజ్‌లో ఒక గిన్నె ఉంది. చిల్పూరు దిక్కు పల్లెలో ఉండే మా బామ్మర్దికి కొత్త బోరులో నీళ్లు పడ్డాయి. దాని మొక్కు కింద ఎల్లమ్మకు మేకను కోసి, మా వాటా మాంసం ఆ పొద్దునే తెచ్చి ఇచ్చి పోయాడు. అంటే యాకూబ్‌కు అది రెండు విధాలా పనికిరానిది. వాళ్ల పద్ధతిలో కోసింది కాదు. పైగా ఇంకో దేవతకు ఇచ్చింది. ఇది నాకు తెలియక కాదు. నేను గిన్నె బయటికి తీస్తుంటే నా భార్య చూసింది.

“గది ఎల్లమ్మకు కోసింది. యాకూబన్నకు ఎట్ల పెడ్తవ్?” అంది.

“ఎవరికి తెలుస్తది?” అన్నాను.

“నీకు తెల్వదా?”

“నువ్వు జర ఊకో.”

ఊకుంది. ఆ పూట ఆమె మాంసం ముట్టలేదు. తరవాత ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడి తేల్చుకునేవాణ్ని. ఎత్తకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

పెరట్లో నాలుగు ఇటుకలు పేర్చాను. ఎదురింటి ఇస్త్రీ ఆయన దగ్గర బొగ్గులు అడిగి తెచ్చాను. కిటికీకి బిగించగా మిగిలిన ఇనుప జాలీ ఒకటి ఉంటే కడిగి పైన పెట్టాను. ముక్కలకు ఉప్పు, కారం, నిమ్మరసం. అంతే. ఖాజా పంపిన తొడలను ప్రహరీ పక్కన గొయ్యి తీసి పూడ్చాను. బొగ్గులు ఎర్రబడి పైన బూడిద తెరలా పట్టాక ముక్కలు పరిచాను. కొవ్వు కరిగి బొట్టుబొట్టుగా పడుతూ పొగ లేచింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి, ఆ యంత్రం కొన్నప్పటి నుంచి అట్లాంటి వాసన మా పెరట్లో ఒక్కసారి కూడా రాలేదు.

వాసన పట్టుకుని యాకూబ్ వెనక్కి వచ్చాడు. అప్పుడే స్టేషన్ నుంచి అమ్మీని తీసుకుని వచ్చాడు. ముందు రోజే మానుకోటకు పోయి, అక్కడి నుంచి రైల్లో ఇద్దరూ కలిసి వచ్చారు. ఇటుకలను చూశాడు, మూలన ఉన్న యంత్రాన్ని చూశాడు.

“ఏం సేటూ, నీ విమానం లేవలేదా?”

“లేవలేదు. పండుకున్నది.”

“పండదా మరి! మేం గనిల దిగి బొగ్గు తవ్వాలె. గా బొగ్గుతోటి కరెంటు జెయ్యాలె. గా కరెంటు తీగెలు పట్టుకొని నీ ఇంటికి రావాలె. వచ్చి మల్ల కట్టెకు అగ్గి వెట్టాలె. ఎందుకు ర భై గింత తిరుగుడు? అగ్గిపెట్టె లేదా ఇంట్ల?”

వెనకే వచ్చిన మా చుట్టాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. యాకూబ్ ఒక ముక్క తీసుకుని, వేళ్లు కాలుతుంటే ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ ఊదాడు. నోటి దాకా తెచ్చి ఆగాడు.

“ఖాజా కోసిందే గద?”

అనుమానంతో అడగలేదు. ఉప్పు వేశావా అని అడిగినట్టు అడిగాడు. అడిగి, వెంటనే తానే మొహమాటపడ్డాడు. “అలవాటు ర భై, ఏమనుకోకు.”

“మన ఇంట్ల ఇంకెవరు కోస్తరు?” అన్నాను.

“గంతే గద” అన్నాడు. తిన్నాడు. “వారెవా” అన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

నేనన్న ఆ మాట పట్టుకుని చాలా ఏళ్లు బతికాను. నేను అవును అనలేదు కదా, ఎదురు ప్రశ్న వేశాను అంతే కదా అని. ఎంత నీచమైన తెలివి! అబద్ధం చెప్పేవాడు కనీసం అబద్ధం చెప్పానని ఒప్పుకుంటాడు. నేను ఆ మాత్రం కూడా చేయకుండా, మా నాయిన కట్టిన వాడుకనే అడ్డం పెట్టుకున్నాను. మన ఇంట్లో ఇంకెవరు కోస్తారు. ఆ ఒక్క మాటలో మా నాయినను కూడా సాక్షిగా పిలిచాను.

మరో సాకు కూడా ఉండేది. మాంసం మాంసమే, కోసినవాడు ఎవరైతే ఏంటి, కడుపులోకి పోయాక అంతా ఒకటే అని. దేవుడి విషయంలో నాకు అంత పట్టింపు లేదు. పట్టింపు లేనివాణ్ని కాబట్టి విశాల హృదయం ఉన్నవాణ్నని అనుకునేవాణ్ని. తరవాత ఎప్పుడో మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉండేది. ఆ రోజు వంటింట్లో నీచు గిన్నె కనిపించినా సహించేది కాదు. ఆమె అన్నంలో ఎవరైనా తెలియకుండా నాలుగు చుక్కల మాంసం రసం కలిపి, కడుపులోకి పోయాక అంతా ఒకటే అని నవ్వి ఉంటే? వాడి చెయ్యి విరిచేవాణ్ని. అప్పుడు నా విశాల హృదయం ఎక్కడికి పోయేది?

ఆ దావత్‌తో నా పేరు మోగింది. ఇటుకల మీద కాల్చిన మాంసం గురించి నెల రోజులు చెప్పుకున్నారు. నేను యంత్రాన్ని తక్కువకు అమ్మేసి డ్రమ్ము కోయించుకున్నాను. ఆ తరవాత యాకూబ్ వచ్చిన ప్రతిసారీ ఖాజా కోసిన మాంసమే పెట్టాను, ఇది ఒట్టు. తెల్లవారకముందే పోయి ఎదురుగా నిలబడి కోయించుకుని వచ్చేవాణ్ని. అతిగా చేసేవాణ్ని. ఒకసారి ఖాజాయే, “ఏంది సేటూ, నా మీద నమ్మకం లేదా?” అని నొచ్చుకున్నాడు. నమ్మకం లేనిది ఎవరి మీదనో ఆయనకేం తెలుసు. అట్లా చేస్తే మొదటిది చెరిగిపోతుందనుకున్నాను. చెరగలేదు. బొగ్గుల పొగ పట్టిన గోడకు సున్నం వేసినట్టు, ఎన్నిసార్లు వేసినా లోపలి నుంచి పసుపు మరక పైకి తేలుతూనే ఉంది.

దావత్ అయిన రెండేళ్లకు అమ్మీ పోయింది. మానుకోటకు పోయి మట్టి వేసి వచ్చాను.

ఈ మధ్య యాకూబ్ కూతురి పెళ్లి కుదిరింది. భూపాలపల్లిలోనే. ఫోను చేసి ఆర్డర్ వేశాడు. “పెండ్లి దావత్‌కు తొడలు నువ్వే కాల్చాలె. నీ డ్రమ్ము ఆటోల ఏసుకొని రా. పిల్లగానోళ్ల తరపోళ్లు జర పట్టింపు మనుషులు. ఎవరు కోసిన్రు, ఎవరు వండిన్రు అని మస్తు అడుగుతరు. నేనేమన్న తెలుసా? వండేది నా దోస్త్, అతనికి నాది పూచీ అన్న.”

నడుము నొప్పి అన్నాను. ఆటోలోంచి దించడానికి నలుగురిని పెడతానన్నాడు. దుకాణంలో సీజన్ అన్నాను. ఒక్క రోజుకు దుకాణం మునుగుతుందా అన్నాడు. డ్రమ్ము అడుగు తుప్పు పట్టిందన్నాను. గనిలో వెల్డింగ్ చేసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, తెచ్చెయ్యి అన్నాడు. నేను తప్పించుకునేకొద్దీ అతను ప్రేమగా దారులన్నీ మూసేస్తున్నాడు. నాకు కోపం వచ్చింది, అతని మీద. చూడండి ఎంత దిక్కుమాలిన కోపమో. నన్ను అంతగా నమ్ముతున్నందుకు అతని మీద కోపం.

పూచీ అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. కొత్త చుట్టాల ముందు తన మాటను నా మాట మీద నిలబెట్టాడు. ఏమీ చెప్పకుండా పోయి కాల్చి రావచ్చు. ఖాజా కోసిన మాంసమే కాల్చేవాణ్ని. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ అతను అప్పు తెచ్చుకుంటున్నది ఎప్పుడో దివాలా తీసినవాడి దగ్గర. ఆ సంగతి అతనికి తెలియాలా వద్దా?

బస్సెక్కి భూపాలపల్లికి పోయాను. అతను డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, క్వార్టర్ ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, “డ్రమ్ము ఏది?” అన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. యంత్రం ఆగడం, గిన్నె, ఎల్లమ్మ, అతను అడిగిన ప్రశ్న, నేను వేసిన ఎదురు ప్రశ్న. అంతా చెప్పాను.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కాళ్ల దగ్గర ఉన్న చెప్పులను పక్కపక్కన సరిగ్గా జరుపుకున్నాడు.

“తెల్వక తిన్నోనికి పాపం లేదంటరు మా దాంట్ల” అన్నాడు చివరికి. “నా సంగతి నేను సూసుకుంట. నువ్వు ఆకలైతున్నదని పెట్టినవా? లేదు. ఇజ్జత్ కోసం పెట్టినవ్. నన్ను అడిగితే గుడ్డు తినకపోదునా నీ ఇంట్ల?”

మంచం చివర కూర్చున్నాను.

అప్పుడు తలెత్తి చూశాడు. అప్పటిదాకా నా ముఖం చూడలేదు. “అమ్మీ తిన్నదా?”

ఆ రోజు మగవాళ్లం పెరట్లో తిన్నాం, ఆడవాళ్లు లోపల తిన్నారు. అమ్మీ ఏం తిన్నదో అతనికి తెలియదు. అడగడానికి ఆమె లేదు.

“లేదు” అన్నాను. “నోట్ల పండ్లు లేవు గద, పప్పుతోటే తిన్నది.”

అతను ఊపిరి వదిలాడు. నాకు వినపడేంతగా వదిలాడు. “గది చాలు” అన్నాడు. కొంచెం ఆగి, “పెండ్లికి రా. డ్రమ్ము తేకు” అన్నాడు.

పెళ్లికి పోయాను. అందరినీ కౌగిలించుకున్నట్టే నన్నూ కౌగిలించుకున్నాడు. ఆ చుట్టాలకు నన్ను, “జనగామ నుంచి వచ్చిండు” అని చూపించాడు. దోస్త్ అనలేదు. వంటవాళ్లను ఎక్కడి నుంచో పిలిపించాడు. పెట్టింది తిని వచ్చాను.

అతను క్షమించాడా? అడగలేదు. అడిగే హక్కు నాకు లేదని ఆ రోజే తెలుసు. ఎందుకంటే ఒప్పుకోవడానికి పోయినవాణ్ని అక్కడ మళ్లీ ఒక అబద్ధం చెప్పి వచ్చాను. అతని మంచి కోసమే చెప్పానని బస్సులో అంతసేపూ నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పోయిన తల్లి గురించి అతను ఎందుకు బాధపడాలి అని. నిజమేనా? ఆ ముఖంలోకి చూస్తూ అవును అనే ధైర్యం లేకపోయింది, అంతే. ఈసారి ఎదురు ప్రశ్న కూడా వేయలేదు. నేరుగా లేదు అన్నాను. అంటే ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది అదన్నమాట.

అమ్మీ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను చెప్పినట్టే పప్పుతో అన్నం తింది. మాంసం వద్దంది. పళ్లు లేవు బాబా, నాతో కాదు అని చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరూ బలవంతం చేయలేదు. నేను అక్కడితో వదిలేసి ఉంటే యాకూబ్‌కు నేను చెప్పింది నిజమయ్యేది. ఆమె తినేదే కాదు.

కానీ పెరట్లో అందరూ మెచ్చుకున్నారు. అమ్మీ ఒక్కతే మిగిలింది. ఆమె నోటి నుంచి కూడా ఆ మాట వినాలనిపించింది. అంతే కారణం. ఇంకేమీ లేదు, వెతికాను. నేను పెరట్లోకి పోయి, ఎముక పక్కన మెత్తగా ఉన్న మాంసాన్ని వేళ్లతో పీచుపీచుగా విడదీసి, నెయ్యి వేసి, చిన్న పళ్లెంలో తెచ్చాను. ఆమె ముందు కూర్చున్నాను. ఆమె ఏమీ అడగలేదు. నన్ను అడగాలని ఆమెకు తోచి కూడా ఉండదు. అడగకుండానే నేను చెప్పాను, “ఖాజా కోసిందే అమ్మీ, తిను.” నా చేత్తో కలిపి పెట్టాను. తింది. చాలా మెత్తగా ఉందంది. ఇంకొంచెం పెట్టాను, తింది. తిన్నాక ఎడమ చేత్తో నా తలను దగ్గరికి లాక్కుంది. నా దిష్టి అంతా తనకే తగలాలని మెటికలు విరిచింది.

యాకూబ్‌కు ఈ మాట చెప్పలేదు. చెబుతానో లేదో ఇప్పటికీ తెలియదు. కానీ ఇక నుంచి దీన్ని తెలియనట్టు దాచుకోలేను. ఇది రాసి ఉంది, నా చేత్తోనే.

అమ్మీ తిన్నది. వద్దంటున్నా నేనే పెట్టాను.